బెంగతో షుగర్ పెరుగుద్దా? ఒంటి జబ్బు, మనసు జబ్బు రెండూ ఒకే ఫైల్లో పెట్టి చూసుకోవడం ఎలా

మా అమ్మకి పన్నెండేళ్ల నుంచి షుగర్, మాత్రలతోనే ఏదో కంట్రోల్లో నడిచిపోయేది. నాన్న పోయిన ఏడాదిలోపే హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ లెక్క, 7.1 నుంచి 9.8కి పోయింది, అరికాళ్ల మంటలు, నడుం నొప్పి, రాత్రి రెండింటికే మెలకువ, పొద్దున లేస్తే ఒళ్లంతా బరువు. మేం ఏం చేశామో తెలుసా, చాటుగా స్వీట్లు తింటోందేమో అని వంటింట్లో డబ్బాలు వెతికాం, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. షుగర్ డాక్టర్ మాత్ర పెంచారు, ఎముకల డాక్టర్ ఎక్స్‌రే తీసి బాగానే ఉందన్నారు, కడుపు డాక్టర్ గ్యాస్ అన్నారు, మా ఊరి ఆర్‌ఎంపీ ఏకంగా సెలైన్ ఎక్కించాడు. చివరికి నాలుగు ఫైళ్లు తయారయ్యాయి, ఒక్క ఫైల్లో కూడా ఈవిడ భర్త పోయాడన్న ముక్క లేదు. రాయించాల్సింది మేమే, మాకే తట్టలేదు.

అసలు మన భాషలో ఇదేం కొత్త సంగతి కాదు. హాస్టల్లో వేసిన పిల్లాడు బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాడంటాం, దిగులుతో చిక్కిపోయిందంటాం, ఇన్ని అంటాం గానీ డాక్టర్ ముందు కుర్చీలో కూర్చున్నాక మాత్రం నొప్పి ఒక్కటే చెప్పి వచ్చేస్తాం.

సరే, అసలు ప్రశ్న. డిప్రెషన్ వల్ల ఒంట్లో జబ్బులొస్తాయా? వస్తాయి, ఉన్నవి ముదురుతాయి కూడా, కాకపోతే అదొక్కటే కారణం అనుకోకూడదు. షుగర్ విషయంలో ఇది బాగా తేలింది, 2008లో అప్పటిదాకా జరిగిన స్టడీలన్నీ కలిపి లెక్కేస్తే డిప్రెషన్ ఉన్నవాళ్లకి తర్వాత టైప్ 2 షుగర్ వచ్చే రిస్క్ 60 శాతం దాకా ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లకి డిప్రెషన్ వచ్చే రిస్క్ 15 శాతం ఎక్కువ అని వచ్చింది. అంటే దారి రెండు వైపులా ఉంది. గుండె సంగతి కూడా అంతే, 2004లో 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద స్టడీలో హార్ట్ ఎటాక్‌కి దారితీసే తొమ్మిది ముఖ్య కారణాల్లో సిగరెట్టు, బీపీ, షుగర్‌ల పక్కనే డిప్రెషన్, స్ట్రెస్ లాంటివి కూడా చేరాయి. ఎటాక్ వచ్చినవాళ్లలో డిప్రెషన్ ఉంటే ముందుముందు ఇబ్బందులు ఎక్కువని 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్లు కూడా అన్నారు.

ఇది ఎలా జరుగుద్ది అంటే, రోజుల తరబడి మనసు కుంగిపోయి ఉంటే కిడ్నీల మీద కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా వస్తూ ఉంటుంది చాలామందిలో, అది లివర్‌ని గ్లూకోజ్ వదలమంటుంది, ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగ్గా వినకుండా చేస్తుంది. ఒంట్లో సన్నగా వాపు లాంటిది, డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, అది కూడా కొందరిలో పెరుగుద్ది. ఇదంతా లోపల జరిగేది. బయట జరిగేది ఇంకా సింపుల్, నడక మానేస్తారు, వండుకోబుద్ధి కాక బిస్కెట్లూ టీతో గడిపేస్తారు, తాగేవాళ్లు ఇంకొంచెం తాగుతారు, మాత్రలు మర్చిపోతారు. డిప్రెషన్ ఉన్న పేషెంట్లు డాక్టర్ చెప్పింది పాటించకపోయే అవకాశం మిగతావాళ్ల కంటే మూడు రెట్లు అని 2000లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన చెప్పింది. మా అమ్మ మాత్రల స్ట్రిప్పులు లెక్కపెడితే నెలకి పదో పన్నెండో మిగిలిపోతున్నాయి, మేం స్వీట్లు వెతికాం గానీ స్ట్రిప్పులు లెక్కపెట్టలేదు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, లేదా ఆ మనిషి మీరే అయితే, నేను చెప్పే వరసలో చేయండి.

ముందుగా, ఆగకుండా హాస్పిటల్‌కి పోవాల్సినవి

గుండెల్లో పట్టేసినట్టు నొప్పి, ఆయాసం, ఒక పక్క చెయ్యో కాలో పడిపోవడం, మాట ముద్దగా రావడం, దొడ్డికి నల్లగానో రక్తంతోనో పోవడం, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, వదలని జ్వరం, వీటిని ఎప్పుడూ మనసు ఖాతాలో వేయకండి, ఆ మనిషికి డిప్రెషన్ ఉందని రాసిచ్చినా సరే. ముఖ్యంగా షుగర్ ఉన్న ఆడవాళ్లకి హార్ట్ ఎటాక్ వచ్చినా గుండె నొప్పే ఉండకపోవచ్చు, ఉత్త నీరసం, చెమటలు, దవడ నొప్పి, గ్యాస్ లాగా అనిపించి ఊరుకుంటారు. అక్కడ "అంతా టెన్షన్ అత్తయ్యా, కాస్త పడుకో" అన్నామంటే మనిషే పోతుంది.

అలాగే చచ్చిపోతే బాగుండు, మీకు బరువైపోయాను లాంటి మాటలు వస్తుంటే అది కూడా ఎమర్జెన్సీయే. ఆ ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందు, ఇన్సులిన్, మాత్రల డబ్బాలు చేతికందకుండా దాచండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్రం పెట్టింది, ఫ్రీ, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 108.

రెండు వారాలు ఒక నోట్‌బుక్

నోట్‌బుక్ ఎందుకంటే డాక్టర్ దగ్గర మనకి దొరికేది ఐదు నిమిషాలు, ఆ ఐదు నిమిషాల్లో గుర్తొచ్చేది ఆ రోజు నొప్పి ఒక్కటే. పాత లాంగ్ నోట్‌బుక్ చాలు, యాప్ అక్కర్లేదు, పెద్దవాళ్లకి అదో తలనొప్పి. రోజుకో నాలుగు ముక్కలు రాయండి: రాత్రి ఎన్నింటికి పడుకుంది ఎన్నింటికి లేచింది, పొద్దున ఖాళీ కడుపు షుగర్ ఎంత, మాత్రలు వేసుకుందా లేదా, ఎక్కడ నొప్పి ఎప్పుడు ఎక్కువ. ఐదోది ముఖ్యం, ఈ రోజు తనకి ఇష్టమైన పని ఏదైనా చేసిందా. మా అమ్మకి ముగ్గు వేయడం పిచ్చి, ధనుర్మాసంలో కూడా వాకిట్లో నీళ్లు చల్లి ఊరుకుందంటే అప్పుడైనా మాకు బల్బు వెలగాల్సింది.

నొప్పుల గురించి ఒక మాట. 1999లో పద్నాలుగు దేశాల్లో, మన బెంగళూరు కూడా ఉంది అందులో, మామూలు క్లినిక్కులకి వచ్చిన డిప్రెషన్ పేషెంట్లని చూస్తే దాదాపు 69 శాతం మంది డాక్టర్‌కి చెప్పుకున్నది ఒంటి బాధలే. కాబట్టి మీ అమ్మగారు "నాకు దిగులేం లేదు, ఒళ్లే లాగేస్తోంది" అంటే అబద్ధం చెప్తున్నట్టు కాదు, ఆవిడకి నిజంగానే ఒళ్లు లాగేస్తోంది.

తొమ్మిది ప్రశ్నలు

పీహెచ్‌క్యూ-9 అని ఒక చిన్న ప్రశ్నాపత్రం ఉంది, ప్రపంచమంతా వాడతారు, తెలుగులో కూడా దొరుకుతుంది. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, దిగులుగా ఉందా, నిద్ర, నీరసం, ఆకలి, నేను పనికిరానిదాన్ని అనిపించడం, ధ్యాస నిలవకపోవడం, కదలికలు నెమ్మదించడం లేదా కుదురు లేకపోవడం, చచ్చిపోవాలనిపించడం. ఒక్కోదానికి అసలు లేదు అంటే 0, కొన్ని రోజులు 1, సగం రోజుల పైన 2, దాదాపు రోజూ అంటే 3, మొత్తం 27కి. 10 గానీ ఆపైన గానీ వస్తే డాక్టర్‌కి చూపించాలి, 20 నుంచి పైన అయితే తీవ్రం కింద లెక్క. చివరి ప్రశ్నకి 1 వచ్చినా మొత్తం ఎంతన్నది పక్కన పెట్టి ఆ రోజే మాట్లాడించాలి.

షుగర్ పేషెంట్లకి ఇక్కడో మెలిక ఉంది. షుగర్ ఎక్కువైతే రాత్రి మూడుసార్లు బాత్‌రూమ్‌కి లేస్తారు కాబట్టి నిద్ర ఉండదు, నీరసం ఎటూ ఉంటుంది, అంటే డిప్రెషన్ లేకపోయినా స్కోరు పెరగొచ్చు. అందుకని మొదటి రెండు ప్రశ్నల్ని, అంటే ఆసక్తి, దిగులు, వాటిని గట్టిగా చూడండి. నీరసం ఉన్నా మనవడొస్తే మొహం వెలుగుతుంటే ఒక సంగతి, మనవడొచ్చినా అటు తిరిగి పడుకుంటే ఇంకో సంగతి. ఇది జబ్బు తేల్చే పరీక్ష కాదు, డాక్టర్‌కి చూపించడానికి ఒక కాగితం, అంతే.

కాగితం నింపించేటప్పుడు పిల్లల్ని పరీక్ష రాయించినట్టు చేయకండి, నేను అలాగే చేసి తిట్లు తిన్నాను. భోజనాలయ్యాక పడకల దగ్గర కబుర్లలో అడిగితే చెప్తారు.

రక్తపరీక్షలు, దొంగ ఎక్కడో తేల్చుకోవడం

ఇది వదిలేయొద్దు, ఎందుకంటే ఒంటి జబ్బే డిప్రెషన్ వేషం వేసుకుని రావొచ్చు. థైరాయిడ్ తగ్గితే మనిషి మందగిస్తారు, చలి, మలబద్ధకం, ఏడుపు. రక్తం తక్కువైతే నీరసం, ఆయాసం. బీ12 అనే విటమిన్ తగ్గితే తిమ్మిర్లు, మంటలు, మతిమరుపు, దిగులు అన్నీ వస్తాయి. షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి బీ12 తగ్గే అవకాశం ఉందని చాలామందికి తెలియదు, శాకాహారులైతే మరీను. మా అమ్మకి అదే బయటపడింది, అరికాళ్ల మంటల్లో కొంత దానిదే. కొంతే. ఇంజెక్షన్లు వేశాక మంటలు తగ్గాయి గానీ ముగ్గు మాత్రం వేయలేదు.

కాబట్టి మీ డాక్టర్‌ని అడిగి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ది), సీబీపీ (రక్తం ఎంతుందో చూసేది), బీ12, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ (కిడ్నీలది), సోడియం (రక్తంలో ఉప్పు) ఒకేసారి చేయించండి. గట్టిగా గురక పెట్టి పగలంతా తూగేవాళ్లుంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఆ సంగతి కూడా అడగండి. మొత్తం బాడీ చెకప్ ప్యాకేజీల వెంట పడకండి, నాలుగు వేలు పెట్టి అరవై పేజీల రిపోర్ట్ తెచ్చుకుంటే అందులో ఏదో ఒకటి ఎర్ర అక్షరాల్లో ఉంటుంది, దాని చుట్టూ ఇంకో నెల తిరుగుతారు.

సెలైన్ మాట కూడా చెప్తాను, నీరసానికి బాటిల్ ఎక్కించుకుంటే రెండు రోజులు హుషారుగా ఉంటుంది అంటారు, అది డెక్స్‌ట్రోజ్ అయితే షుగర్ పేషెంట్‌కి నేరుగా రక్తంలోకి చక్కెర పోసినట్టే. ఇంకోటి, ఆర్‌ఎంపీ ఇచ్చే నిద్రమాత్ర. చాలాసార్లు అది ఆల్‌ప్రాజోలం, నిద్ర వస్తుంది, డిప్రెషన్ తగ్గదు, అలవాటు పడిపోతారు, పెద్దవాళ్లయితే రాత్రి లేచి తూలి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే టక్కున ఆపేయకండి, డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించాలి.

డాక్టర్ దగ్గర ఏం మాట్లాడాలి

ముందు రోజే ఒక చీటీ మీద రాసుకోండి. మేం రెండోసారి వెళ్లినప్పుడు చెప్పింది దాదాపు ఇది: "డాక్టర్ గారూ, అమ్మకి షుగర్ ఆరు నెలల్లో ఇంత పెరిగింది, నాన్నగారు పోయి పది నెలలైంది, రాత్రి రెండింటికే లేస్తోంది, నెలకి పది రోజులు మాత్రలు వేసుకోవట్లేదు, ఈ కాగితంలో 16 వచ్చింది, ఒకసారి మానసికంగా కూడా చూడాలా?" అర నిమిషం పట్టింది. ఆయన పెన్ను పక్కన పెట్టి మొదటిసారి అమ్మ మొహంలోకి చూశారు.

సైకియాట్రిస్ట్ పేరెత్తగానే ఇంట్లో గొడవ ఖాయం. హైదరాబాద్ వైపు "ఎర్రగడ్డకి తీసుకెళ్తావా", ఇటు మావైపు "వైజాగ్ పిచ్చాసుపత్రికా" అని మొదలవుతుంది, మా మేనమామ అయితే మనోవ్యాధికి మందు లేదు అని సామెత కూడా పడేశాడు. ఆ సామెత పుట్టినప్పుడు నిజంగా మందు లేదు మామయ్యా, ఇప్పుడుంది అన్నాను. అమ్మతో మాత్రం వాదన పెట్టుకోలేదు, "నిద్ర డాక్టర్ అట, షుగర్ ఎక్కువైతే ఈయన్ని కూడా చూడమన్నారు" అన్నాం. డాక్టర్ చెప్పమన్నదే చెప్పాం కాబట్టి అబద్ధం కాదు. పెద్ద హాస్పిటలే అవసరం లేదు, జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది.

మందులు మొదలైతే

ఓపిక పట్టాలి, డిప్రెషన్ మందు డోలో లాగా గంటలో పనిచేయదు, రెండు నుంచి నాలుగు వారాలకి తేడా మొదలై ఆరు ఎనిమిది వారాలకి తెలుస్తుంది, మొదటి వారంలో కడుపులో తిప్పడం, తలనొప్పి లాంటివి ఉండి చాలామంది అక్కడే మానేస్తారు. బాగున్నాక కూడా ఆరు నెలలైనా వాడమంటారు మామూలుగా, టక్కున ఆపొద్దు.

సైకియాట్రిస్ట్‌కి మీ పాత మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లి చూపించండి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులతో కలిసి రక్తం కారే రిస్క్ కొంచెం పెరుగుద్ది, నొప్పి మాత్రలు కూడా తోడైతే ఇంకొంచెం. పెద్దవాళ్లలో మొదటి వారాల్లో సోడియం పడిపోవచ్చు, మాటలు తడబడటం, తూలడం కనిపిస్తే పరీక్ష చేయించండి. గుండె జబ్బున్నవాళ్లకి అమిట్రిప్టిలిన్ లాంటి పాతకాలపు డిప్రెషన్ మందులు సాధారణంగా ఇవ్వరు, సెర్ట్రాలిన్ మీద గుండె పేషెంట్లలో స్టడీలు జరిగాయి. నరాల మంటలు, డిప్రెషన్ రెండూ ఉన్న షుగర్ పేషెంట్లకి డ్యులాక్సెటిన్ అనే మందు రెండింటికీ పనికొస్తుంది, బీపీ, కిడ్నీ, లివర్ చూసుకుని ఇస్తారు, అడగడానికి మొహమాటం వద్దు. కొన్ని మందులకి ఆకలి, బరువు పెరుగుతాయి, షుగర్ ఉందని ముందే చెప్తే అవి తప్పించి ఇస్తారు. మొదలుపెట్టిన కొత్తలో షుగర్ కొంచెం తరచుగా చూసుకోండి, కిందకి పోవచ్చు పైకీ పోవచ్చు. మందు ఇష్టం లేనివాళ్లకి, మరీ తీవ్రం కానివాళ్లకి కౌన్సెలింగ్‌తోనే తగ్గొచ్చు, తీవ్రంగా ఉంటే రెండూ కావాలి.

అయితే మందు వేసుకోగానే ఒంటి జబ్బు కూడా వెనక్కి పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లకి డిప్రెషన్ ట్రీట్‌మెంట్ ఇస్తే మనసు కుదుటపడింది గానీ మళ్లీ ఎటాక్, చావులు తగ్గలేదని 2003లో అమెరికా స్టడీ చెప్పింది, 2018లో కొరియాలో 300 మంది మీద చేసిన ఇంకో స్టడీలో మళ్లీ ఎటాక్‌లు తగ్గాయని వచ్చింది, చావుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. లెక్క ఇంకా తెగలేదు. మనసు కుదుటపడటమే ఒక లాభం కదా, దాని కోసం వాడటంలో తప్పేముంది.

ఇంట్లో ఒకరు మేస్త్రీ అవ్వాలి

నా మటుకు నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. షుగర్, డిప్రెషన్ రెండూ ఉన్న 404 మంది మీద మన దేశంలోనే చెన్నై, ఢిల్లీ, బెంగళూరు, విశాఖపట్నం క్లినిక్కుల్లో ఒక స్టడీ చేశారు, 2020లో ఫలితాలొచ్చాయి. వాళ్లు కొత్త మందేం కనిపెట్టలేదు. ఒక్కో క్లినిక్‌లో డాక్టర్ కాని ఒక మనిషిని పెట్టారు, ఆ మనిషి పేషెంట్లతో తరచుగా మాట్లాడటం, మాత్రలు వేసుకుంటున్నారా అడగడం, షుగర్, బీపీ, మనసు స్కోరు అన్నీ ఒకేచోట రాసి షుగర్ డాక్టర్‌కి, సైకియాట్రిస్ట్‌కి చూపించడం. రెండేళ్లకి చూస్తే డిప్రెషన్ తగ్గడంతో పాటు షుగరో బీపీయో కొలెస్ట్రాలో కూడా మెరుగైనవాళ్లు మామూలు వైద్యం వాళ్లకంటే ఎక్కువమంది తేలారు.

క్లినిక్‌లో చేసినట్టు ఇంట్లో కుదరదు, మనకి ట్రైనింగ్ లేదు, కానీ ఆ మనిషి చేసిన పనిలో సగం కూతురో కోడలో కొడుకో చేయొచ్చు. ఆ పని ఒక్కరికే ఇవ్వండి, అందరూ చూసుకుంటారు అంటే ఎవరూ చూసుకోరు. మా ఇంట్లో నేను, హైదరాబాద్ నుంచే, రోజూ సాయంత్రం ఆరున్నరకి వీడియో కాల్. అమెరికాలో ఉన్న తమ్ముడు ఆదివారాలు. నాలుగు ఫైళ్లు విప్పి ఒకే ఫైల్ చేశాను, మొదటి పేజీలో జబ్బులు, మాత్రలు, పక్కన ఎవరు పోయారు ఎప్పుడు పోయారు అన్నది కూడా.

ఫోన్లో "ఎలా ఉన్నావ్" అని అడక్కండి, "బాగానే ఉన్నా" అని వస్తుంది. చిన్న పని ఒకటి ముందే ఒప్పుకోవాలి, చేసిందా అని అడగాలి. మొదటి వారం గేటు దాకా నడక, రెండో వారం గుడి దాకా, తర్వాత పక్కింటి పిన్నితో కలిసి పదిహేను నిమిషాలు. మూడ్ వచ్చాక చేద్దాం అంటే మూడ్ రాదు, చేస్తుంటే వస్తుంది, కౌన్సెలర్ చెప్పింది కూడా అదే. చేయకపోతే తిట్టొద్దు, పని సైజు తగ్గించండి. "పాజిటివ్‌గా ఆలోచించు", "గుడికెళ్లు అన్నీ పోతాయి" అనొద్దు, గుడికెళ్తే మంచిదే, అన్నీ పోతాయనొద్దు.

మీ వల్లే జబ్బు వచ్చిందని మాత్రం అనకండి

డిప్రెషన్ ఒంటిని పాడుచేస్తుందని తెలిశాక కొందరు రెండో చివరికి పోతారు, నువ్వు దిగులు పెట్టుకోబట్టే క్యాన్సర్ వచ్చింది అని రోగినే దోషిని చేస్తారు. 2023లో యూరప్, కెనడాల్లో మూడు లక్షల మందికి పైగా డేటా చూస్తే డిప్రెషన్‌కి, రొమ్ము, ప్రొస్టేట్, పెద్దపేగు క్యాన్సర్లకి సంబంధం కనిపించలేదు, ఊపిరితిత్తుల క్యాన్సర్లో కనిపించినదాంట్లో చాలావరకు సిగరెట్ల వల్లే. అల్సర్ సంగతి ఇంకా మంచి ఉదాహరణ, ఏళ్ల తరబడి ఆలోచనల వల్లే అల్సర్ అని జనాన్ని తిట్టారు, తీరా చూస్తే చాలావాటికి హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా, ఆ సంగతి తేల్చిన ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకి 2005లో నోబెల్ ఇచ్చారు. అందులో ఒకాయన నిరూపించడానికి ఆ బ్యాక్టీరియాని గ్లాసులో తాగేశాడు!

మూడు నెలలకి మళ్లీ

హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి చేయిస్తారు కదా, అదే రోజు తొమ్మిది ప్రశ్నలు కూడా నింపి రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. మా అమ్మవి 9.8, 16 నుంచి మొదలై మూడు నెలలకి 9.1, 11, ఆరు నెలలకి 7.9, 6. మధ్యలో ఒకసారి నాన్న సంవత్సరీకం అప్పుడు స్కోరు మళ్లీ 12కి వెళ్లింది, డాక్టర్ కంగారు పడొద్దన్నారు, ఆ నెల నడక తగ్గించి ఫోన్లు పెంచాం. నడుం నొప్పి ఇంకా ఉంది, వయసుది అంటోంది. మొన్న సంక్రాంతికి వెళ్తే వాకిట్లో ముగ్గు ఉంది, చిన్నదే, ఎనిమిది చుక్కలది, వంగలేకపోతున్నాను అందుకే చిన్నది వేశాను అని సంజాయిషీ కూడా ఇచ్చింది.